పన్నెండో తొడుగు దగ్గర ఆగిన సుత్తి

ఉత్పత్తి ప్రణాళికకు సాఫ్ట్‌వేర్ కొన్న కర్మాగారానికీ, అది తమ పనికి అక్కరకు రాదని పక్కన పెట్టిన పనిశాలకూ ఒక్క విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటే, కర్మాగారాల వాడుకలో 'బీవోఎం' అంటే, ఒక వస్తువులో ఏయే సరుకులు, ఏయే విడిభాగాలు, ఎంతెంత ఉన్నాయో వరుసగా రాసిన జాబితా అని ఇరుపక్షాలూ నమ్ముతాయి. ఈ నమ్మకం నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఒక నిర్ణయానికి వస్తారు: వస్తువు మారనంతకాలం దాని జాబితా మారదు కనుక, డ్రాయింగు చూసి ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కిస్తే చాలు, ఏ సరుకు ఎప్పుడు ఎంత తెప్పించాలో యంత్రమే చెబుతుంది. చేతివృత్తుల పక్షాన మాట్లాడేవారు అదే నమ్మకం నుంచి సరిగ్గా ఎదురు నిర్ణయానికి వస్తారు: చేతితో చేసిన ఏ రెండు వస్తువులూ ఒక్కలా ఉండవు కనుక వాటికి జాబితా రాయడం కుదరదు, ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద కంపెనీల సొత్తు. ఒకరు జాబితాను నెత్తికెత్తుకుంటున్నారు, మరొకరు కొట్టిపారేస్తున్నారు గాని, అసలది దేని జాబితా అన్న ప్రశ్న ఇద్దరూ వేసుకోలేదు.

ఈ వ్యాసం ఖండించదలచినది ఆ ఉమ్మడి నమ్మకాన్నే. ఈ జాబితా, తెలుగులో చెప్పాలంటే పదార్థ పట్టిక, వస్తువు స్వరూపాన్ని వర్ణించదు. ఆ వస్తువును ఫలానా చోట, బజారులో దొరికే ఫలానా సరుకుతో, ఫలానా వరుసలో చేయాలని పని తెలిసినవారు తీసుకున్న నిర్ణయాలను నమోదు చేస్తుంది. ఈ తేడా మాటల్లో వెంట్రుకవాసిగా కనిపించవచ్చు గాని సరుకు కొనే దగ్గర సగానికి సగం తేడాగా మారుతుందని కింద లెక్క వేసి చూపడం జరుగుతుంది.

నిజానికి తెలుగువారికి ఈ విషయం కొత్తగా నేర్పవలసింది కాదు. ఐదువందల మంది పెళ్లి భోజనానికి వంటమేస్త్రి రాసి ఇచ్చే సామాన్ల చిట్టీ అచ్చమైన పదార్థ పట్టిక. అందులో గారెలకు మినప్పప్పుతో పాటు బాణలి నిండడానికి కావలసిన నూనె మొత్తం ఉంటుంది, అందులో గారెల్లోకి ఇంకేది కొంతే అయినప్పటికీ. పుచ్చులు తీసివేయగా పోయే వంకాయల్ని కలుపుకొనే కూరకు ఎన్ని కిలోలో రాస్తాడు. వడ్డించేటప్పుడు విస్తట్లో ఎక్కడా కనిపించని గ్యాస్ సిలిండర్లను కూడా రాస్తాడు. అదే మేస్త్రి ఊరు మారి, బియ్యం రకం మారితే, వంటకం పేరు మారకుండానే చిట్టీలో అంకె మారుస్తాడు. గారెను విరిచి చూసి చిట్టీ రాసిన వంటమేస్త్రి ఇంతవరకు పుట్టలేదు. కర్మాగారంలో మాత్రం ఆ పనే చదువుకున్నవాళ్లు చేస్తున్నారు.

పట్టిక అర్థం ఎక్కడ మారిందో తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి. డ్రాయింగు పక్కన విడిభాగాల జాబితా రాసే అలవాటు పాతది. అది ఇంజనీరు కోసం పుట్టింది, వస్తువు ఎలా ఉంటుందో చెప్పడమే దాని పని. 1956లో ఐబీఎం సంస్థ డిస్కుతో పనిచేసే 305 రామాక్ కంప్యూటరును ప్రకటించాక, కావలసిన రికార్డును ఉన్నపళంగా వెతికి తీయడం సాధ్యపడింది. 1960ల్లో అదే సంస్థ ఈ జాబితాల్ని డిస్కు మీద భద్రపరిచి విడగొట్టే ప్రోగ్రాములను వాడుకదారులకు అందించింది. ఆ కాలంలోనే అమెరికాలోని రసీన్ పట్టణంలో వ్యవసాయ యంత్రాలు చేసే జె.ఐ. కేస్ కంపెనీలో జోసెఫ్ ఓర్లికీ అనే ఆయన, తయారైన వస్తువుకు ఉండే గిరాకీని అంచనా వేయవలసి ఉన్నా, దానిలోకి వెళ్లే భాగాల గిరాకీని అంచనా వేయనక్కరలేదని, లెక్క కట్టవచ్చని గ్రహించారు. పది ట్రాక్టర్లు చేయాలని నిశ్చయించుకున్నాక ఎన్ని చక్రాలు కావాలో ఊహించడం తెలివితక్కువతనం. ఇలా పై వస్తువు సంఖ్యతో కింది వరుసలన్నిటినీ గుణించుకుంటూ దిగడాన్ని 'ఎక్స్‌ప్లోజన్' అంటారు. ఆ లెక్కలోంచి చేతిలో ఉన్న నిల్వను తీసివేసి, సరుకు రావడానికి పట్టే రోజుల్ని వెనక్కి జరిపి, ఏ రోజున ఎంత కొనాలో చెప్పే పద్ధతినే 'మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్', క్లుప్తంగా ఎంఆర్‌పీ, అంటారు. ఓర్లికీ 1975లో అదే పేరుతో వెలువరించిన పుస్తకంలో పదార్థ పట్టికను ప్రణాళికకు అనువుగా తిరిగి కట్టుకోవలసిన అవసరం గురించి ప్రత్యేకంగా చర్చించారు. అంటే ఈ విద్యకు ఆద్యుడే ఇంజనీరు జాబితానూ ప్రణాళిక పట్టికనూ ఒకటిగా చూడలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లకు సాఫ్ట్‌వేరును ఊరూరా అమ్ముతున్నవారు ఆ తేడాను దారిలో ఎక్కడో జారవిడిచారు.

జనగామ జిల్లాలో ఈ వాదానికి సరైన పరీక్ష పెట్టదగిన వృత్తి ఒకటి ఉంది. హైదరాబాద్–వరంగల్ రహదారి మీది పెంబర్తి గ్రామం ఇత్తడి రేకు మీద నగిషీ పనికి ప్రసిద్ధి. కాకతీయుల కాలపు ఆలయాలతో ముడిపెట్టి చెప్పుకునే ఈ విద్య, అసఫ్‌జాహీల ఏలుబడిలో అత్తరుదాన్లు, పాన్‌దాన్ల వైపు మళ్లి, ఇప్పుడు భౌగోళిక గుర్తింపు పొందిన కళగా నిలిచి ఉంది. దేవాలయాలకు ధ్వజస్తంభపు తొడుగులు, తలుపుల తాపడాలు, మకరతోరణాలు, కవచాలు ఇక్కడి పనివారి చేతిలో రూపుదిద్దుకుంటాయి. ఇలాంటి పనికి ప్రణాళిక సాఫ్ట్‌వేర్ అనగానే నవ్వేవారు ఉన్నారు. కళాకారుని చేతిలో ఉన్నది పట్టికలో రాయలేరని వారి వాదం, అది నిజం కూడా. కాని చేతిలో ఉన్నదాన్ని పట్టికలో రాయమని ఎవరూ అడగలేదు. సుత్తి దెబ్బ లోతును పదార్థ పట్టిక అడగదు, రేకు ఎంత కావాలో అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పెంబర్తిలో ఏ మేస్త్రీ బయానా తీసుకోడు.

ఇదే జిల్లాలో చిల్పూరు గుట్ట మీద బుగులు వెంకటేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. కుబేరుని అప్పు తీర్చలేక దిగులుపడి స్వామి ఆ గుట్టకు చేరాడని, అందుకే ఆ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. సరుకు అప్పుతెచ్చి పనిచేసే వృత్తిదారులకు ఇంతకంటే దగ్గరి దైవం ఉండడేమో. అలాంటి ఒక గుట్ట మీది ఆలయానికి ధ్వజస్తంభపు తొడుగు చేయాలని పని ఒప్పుకున్నట్టు ఊహిస్తే లెక్క ఇలా సాగుతుంది. స్తంభం అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. ఒక్కొక్కటి 40 సెంటీమీటర్ల ఎత్తున 20 తొడుగులు ఒకదానిపై ఒకటి రావాలి. రేకు మందం 0.9 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 94 సెంటీమీటర్ల పైచిలుకు, ఇత్తడి ఘనసెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు తూగుతుంది కనుక, పూర్తయిన ఒక తొడుగులో ఉండే ఇత్తడి 2.88 కిలోలు. డ్రాయింగు చూసి పట్టిక ఎక్కించేవాడు ఈ అంకెనే రాస్తాడు. జాగ్రత్తపరుడైతే వృథా కింద నూటికి 5 పాళ్లు కలుపుతాడు. 20 తొడుగులకు సుమారు 60.5 కిలోలు. బజారులో దొరికే రేకు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే ఒక్కో రేకు దాదాపు 5.5 కిలోలు; కనుక 11 రేకులు కొనాలని సాఫ్ట్‌వేర్ తేల్చి చెబుతుంది. గుణకారంలో, భాగహారంలో తప్పు లేదు.

రేకు పరిచి కత్తెర పట్టినవాడికి వేరే లెక్క కనిపిస్తుంది. అతుకు కోసం రెండు సెంటీమీటర్లు, పై తొడుగు కింది తొడుగు మీద కూర్చోవడానికి మరో రెండు సెంటీమీటర్లు కలిపితే కత్తిరించవలసిన ముక్క 96 సెంటీమీటర్ల పైన పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు. 60 సెంటీమీటర్ల వెడల్పు రేకులో అలాంటి ముక్క ఒక్కటే వస్తుంది. ఎటు తిప్పినా రెండోది రాదు. మిగిలేది 18 సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ, 24 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున మరో ముక్క. కనుక 20 తొడుగులకు 20 రేకులు కావాలి. సాఫ్ట్‌వేర్ చెప్పిన 11కూ అవసరమైన 20కీ మధ్య తేడా వృథా శాతాన్ని ఐదు నుంచి పదికో పదిహేనుకో పెంచితే పోయేది కాదు, ఎందుకంటే అది శాతం ఎక్కువతక్కువల సంగతి కాదు. తూకంలో అడిగిన ప్రశ్నకు బజారు రేకుల్లో జవాబిస్తున్నది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, వాదానికి ఆయువుపట్టు అదే. రేకుల వ్యాపారి దగ్గర 60కి బదులు 90 సెంటీమీటర్ల వెడల్పు రేకు ఉంటే ఒక్కో రేకులో రెండు ముక్కలు వస్తాయి, పది రేకులతో పని పూర్తవుతుంది. మొదటి రేకుతో చేస్తే తొడుగుకు ఐదున్నర కిలోల ఇత్తడి తీయాలి, రెండో రేకుతో చేస్తే నాలుగు కిలోల పైన కొద్దిగా చాలు. తొడుగు మాత్రం అదే తొడుగు. కొలత, మందం, తూకం, నగిషీ, దేనిలోనూ తేడా లేదు. వస్తువు మారకుండా పట్టికలోని అంకె ఇంతగా మారుతున్నప్పుడు, ఆ అంకె వస్తువు గుణమని చెప్పడం ఎలా చెల్లుతుంది? అది మేస్త్రికీ వ్యాపారికీ నడుమ కుదిరిన ఏర్పాటును చెప్పే అంకె. ప్రధాన సాఫ్ట్‌వేర్లలో ఒకే వస్తువుకు ప్రత్యామ్నాయ పట్టికలు రాసుకునే వీలు ఉంచడానికి కారణం ఇదే. ఆ వీలును ముట్టుకోకుండా మొదటి పట్టికతోనే కాలం గడిపేవారు ఎక్కువ.

మిగిలిన ముక్కల సంగతి మరీ ఆసక్తికరం. 20 రేకుల నుంచి మిగిలేది దాదాపు 48 కిలోలు. ఇత్తడి పనివారి భాషలో తుక్కు వేరు, ముక్క వేరు. తుక్కు తూకానికి పోతుంది, ముక్క మరో పనికి వస్తుంది. 18 సెంటీమీటర్ల పట్టీ ఒక్కోదాంట్లో అదే కొలత చదరాలు ఆరేసి వస్తాయి. పీఠం చుట్టూ తామర రేకులు కట్టాలంటే అవి చక్కగా సరిపోతాయి. ఈ విషయం మేస్త్రి మనసులో ఉంటుంది, పట్టికలో ఉండదు. అందువల్ల సాఫ్ట్‌వేర్ తామర రేకుల కోసం కొత్త ఇత్తడి కొనమంటుంది, మేస్త్రి దాని మాట పెడచెవిన పెడతాడు, యజమాని ఆ మేస్త్రికి క్రమశిక్షణ లేదంటాడు. జిల్లాలోని ఏ గుమాస్తాకైనా బాగా అలవాటైన టాలీ లెక్కల సాఫ్ట్‌వేరులో సైతం పదార్థ పట్టిక రాసేటప్పుడు ఒక్కో వరుసను భాగమా, ఉపోత్పత్తా, సహ ఉత్పత్తా, తుక్కా అని వేరుచేసి చూపే చోటు ఉంది. సహ ఉత్పత్తి అంటే ఒకే పనిలో ప్రధాన వస్తువుతో పాటు ఉద్దేశపూర్వకంగా పుట్టే మరో విలువైన వస్తువు. పై లెక్కలో 18 సెంటీమీటర్ల చదరం సరిగ్గా అదే. పనిముట్టు చేతిలో ఉంది, దాని మీద చూపు పడలేదు, అంతే.

పట్టికలోని అంతస్తుల విషయంలోనూ ఇదే పొరపాటు. ఒక వస్తువు కింద ఉపభాగాలు, వాటి కింద ముడిసరుకులు, ఇలా మెట్లుమెట్లుగా పట్టిక దిగుతుంది. వస్తువును విప్పితే ఎన్ని మెట్లు కనిపిస్తే అన్ని మెట్లు రాయాలని జాబితావాదులు, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మే పక్షంవారు, పట్టుబడతారు. కాని మెట్టు అనేది వస్తువులో ఉండదు, సరుకును ఎక్కడ ఆపి, లెక్కపెట్టి, నిల్వ చేస్తారో అక్కడ ఉంటుంది. సాంబారుపొడి ముందే దంచి డబ్బాలో పెట్టుకునేది కనుక దానికి వేరే పట్టిక, వేరే నిల్వ లెక్క అవసరం. పోపు అలా కాదు. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు కలిసి దానికంటూ పేరూ రూపూ ఏర్పడినా, పోపును డబ్బాలో దాచుకున్న ఇల్లాలు లేదు. వేగిన మరుక్షణం పప్పులో పడుతుంది. ప్రణాళిక శాస్త్రంలో ఇటువంటి దానిని 'ఫ్యాంటమ్' అంటారు: పేరుకు ఉపభాగమే అయినా నిల్వ ఉండదు, సాఫ్ట్‌వేర్ దాన్ని దాటుకొని నేరుగా దాని ముడిసరుకుల్లోకి దిగిపోతుంది. ఇత్తడి అతుకులకు టంకపు పొడినీ వెలిగారాన్నీ పని దగ్గర అప్పటికప్పుడు కలుపుకునేది సరిగ్గా ఈ పోపు లాంటిదే. దాన్ని నిల్వ సరుకుగా రాసి, రోజూ లేని నిల్వను ఉన్నట్టు నమోదు చేయించి, చివరికి పనివాళ్లు లెక్క సరిగా రాయడం లేదని నిట్టూర్చే యాజమాన్యాలకు కొదవలేదు.

జాబితావాదుల పక్షాన ఒక బలమైన వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. ప్రతి మేస్త్రీ తనకు తోచినట్టు పట్టిక మారుస్తూ పోతే ధర కట్టడం ఎలా, నిరుటి పనికీ ఈ ఏటి పనికీ పోలిక చూడడం ఎలా అని వారు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. కాని దానికి సమాధానం పట్టికను గడ్డకట్టించడంలో లేదు, మార్పుకు తేదీ వేయడంలో ఉంది. ఫలానా రోజు వరకు ఈ పట్టిక, ఆ తర్వాత ఆ పట్టిక అని చెల్లుబాటు తేదీలు రాసే ఏర్పాటు శాప్ లాంటి పెద్ద వ్యవస్థల్లో ఎప్పటి నుంచో ఉంది. మన దేశంలోనే పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఒకసారి ఖరారు చేసిన పట్టికను దిద్దడానికి వీలుండదు, కొత్తది రాసి పాతదాని స్థానంలో పెట్టాలి. అంటే మార్పును ఆపడం వీటి ఉద్దేశం కాదు, మార్పు జాడ చెరిగిపోకుండా చూడడం. ఒకసారి ఎక్కిస్తే చాలని చెప్పి అమ్మినవారు తాము అమ్మే సరుకులో ఉన్న గదుల్నే తెరిచి చూడలేదనాలి.

పైగా ఒకసారి ఎక్కించడంలో ఉండే కచ్చితత్వం గురించి కూడా పెద్ద భ్రమ ఒకటి ప్రచారంలో ఉంది. ప్రతి వరుసా నూటికి 98 పాళ్లు సరిగ్గా ఉందంటే ఎవరైనా భేష్ అంటారు. యాభై వరుసల పట్టిక మొత్తం తప్పు లేకుండా ఉండే అవకాశం మాత్రం 0.98ని యాభైసార్లు గుణిస్తే వచ్చేది, అంటే నూటికి 36. ప్రణాళిక నడిచేది పట్టిక మొత్తం మీద గాని వరుసల సగటు మీద కాదు; 49 సరుకులు వచ్చి ఒక్కటి రాకపోతే ఆ రోజు పని జరగదు. గదిలో కూర్చొని ఎక్కించినవాడికి ఆ ఒక్కటి ఏదో తెలియదు. పని చేసేవాడికి అది మొదటి రోజే తెలుస్తుంది, కాని అతన్ని అడిగే ఏర్పాటు సాఫ్ట్‌వేరులో ఉన్నా సంస్థలో లేదు.

ఇక చేతివృత్తుల పక్షం. లెక్క చేతిపనికి పరాయిదన్న మాట తెలుగు భాష ముందే నిలవదు. కంసాలి పనిలో, కంచర పనిలో తరుగు అన్న మాట ఎప్పటిదో. పని చేయడంలో తప్పనిసరిగా పోయే లోహాన్ని ముందే ఒప్పుకొని, దానిని మజూరీ నుంచి వేరుచేసి చూపడమే తరుగు, ప్రణాళిక సాఫ్ట్‌వేర్ 'స్క్రాప్ ఫ్యాక్టర్' అనే పేరుతో అడిగేది ఇదే. నేతపనిలో ఇంకా విచిత్రమైన నియమం ఒకటి దొరుకుతుంది. పది పలాల నూలు తీసుకున్న నేతగాడు పదకొండు పలాల బట్ట తిరిగి ఇవ్వాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఉంది, కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ అదే నిష్పత్తి కనిపిస్తుంది. నూలు కంటే బట్ట బరువు పెరగడం ఏమిటని తికమకపడినవారికి గంజి వంటివి చేరడం వల్లనని వ్యాఖ్యాతలు వివరించారు. పట్టికలో గంజి అనే వరుస లేకపోయినా దాని తూకం మాత్రం లెక్కలోకి వచ్చిందన్నమాట. చేతిపనికి పదార్థ లెక్క కుదరదన్న వాదన ఈ నియమాలు పుట్టిన నాటికే పాతబడింది. నేటి చట్టమూ అంతే: 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం 143వ సెక్షన్ ప్రకారం పనికి పంపిన ముడిసరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి, ఆ పనిలో పుట్టిన తుక్కును ఎవరు ఎలా అమ్మాలో కూడా అదే సెక్షన్ చెబుతున్నది. మెరుగు పెట్టించడానికి పంపిన రేకు తూకం తగ్గి వస్తే ఆ తగ్గింది ఎంతవరకు తరుగో రాసి లేనివాడు అధికారి ముందు నీళ్లు నమలవలసి వస్తుంది.

ఈ పక్షంలో నిజంగా బరువున్న వాదన ఇంకొకటి ఉంది: లెక్క రాసిన చోటల్లా అది పనివాణ్ని పిండడానికే పనికొచ్చిందని. ఫ్రెడరిక్ టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ పేరుతో ప్రకటించిన సూత్రాల సారమే పనివాని తలలోని తెలివిని యాజమాన్యం కాగితాల మీదికి మార్చడం. హ్యారీ బ్రేవర్‌మన్ 1974లో ఆ మార్పు శ్రామికులకు ఏం చేసిందో ఒక పుస్తకం నిండా చూపించారు. దీన్ని కాదనలేము. అయితే రాయకపోవడం పనివాణ్ని కాపాడిందా? నోటిమాట తరుగు మీద తగాదా వచ్చిన ప్రతిసారీ బంగారం ఇచ్చినవాడి మాటే నెగ్గింది, నూలు ఇచ్చిన సావుకారి తక్కెడే చెల్లింది. బ్రేవర్‌మన్ చూపిన అన్యాయానికి మూలం పట్టిక ఉండడంలో లేదు, అది ఎవరి చేతిలో ఉందన్నదానిలో ఉంది. జాబితావాదుల నమ్మకం ఇక్కడ చేసే హాని ఇంకా ఎక్కువ: పట్టిక వస్తువును వర్ణించేదే అయితే డ్రాయింగు చదవగల ఎవరైనా రాయవచ్చు, మేస్త్రి అక్కరలేదు, పని నిర్ణయాల నమోదు అయితే అతను రాయందే అది పూర్తి కాదు. కళాభిమానులు మేస్త్రి పక్షాన నిలిచామనుకుంటూనే అతని చేతిలోని కలాన్ని అవతలివాడికి అందించారు.

జిల్లా ఎల్ల దాటితే ఇది చిన్న పనిశాలల గొడవ మాత్రమే కాదని తేలుతుంది. ప్రధాని 2023 జూలై 8న వరంగల్ వచ్చినప్పుడు కాజీపేటలో 500 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. వరంగల్ పక్కనే 2017లో పునాది పడిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో వస్త్ర కర్మాగారాలు లేచాయి. వ్యాగన్‌కు ఉక్కు పలకలు కోసేటప్పుడూ, చొక్కాకు గుడ్డ కత్తిరించేటప్పుడూ ఎదురయ్యేది పెంబర్తి మేస్త్రికి ఎదురైన ప్రశ్నే: ముక్కలను పలక మీద, గుడ్డ మీద ఎలా పేర్చితే ఎంత మిగులుతుంది. గుడ్డ వెడల్పు రెండంగుళాలు మారితే చొక్కా పట్టికలో అంకె మారుతుంది, చొక్కా మారదు. అక్కడ కత్తిరింపు విభాగం ఇచ్చిన అంకెనే పట్టికలో పెట్టడం వృత్తి మర్యాద. అదే సూత్రాన్ని చిన్న పనిశాలకు అమ్మేటప్పుడు మాత్రం డ్రాయింగు చాలంటారు.

మళ్లీ ధ్వజస్తంభం దగ్గరికి వస్తే, ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టి ఉంటుంది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కించుకుంటూ బిగింపుకు నాలుగు రోజులు, మెరుగుకు ఐదు, తొడుగుకు రెండు రోజుల చొప్పున నగిషీకి నలభై, రేకు రావడానికి ఏడు అని తేదీలు కట్టడం ఎంఆర్‌పీకి వెన్నతో పెట్టిన విద్య; పంచాంగం చూసి పనికి పూనుకునే మేస్త్రి కూడా అలాగే కడతాడు. సాఫ్ట్‌వేర్ చెప్పిన రోజుకు 11 రేకులు వస్తాయి. రోజూ పూర్తయిన పని నమోదు చేయగానే పట్టికలోని అంకె ప్రకారం నిల్వ దానంతటదే తగ్గేలా ఒక ఏర్పాటు ఉంటుంది, దాన్ని 'బ్యాక్‌ఫ్లష్' అంటారు. ఒక్కో తొడుగుకు అది మూడు కిలోల చొప్పున కోస్తూ పోతుంది. ఇరవై రెండో రోజు సాయంత్రానికి పదకొండో తొడుగు నగిషీకి ఆనుడుగా ఉంచిన లక్క మీద నుంచి లేస్తుంది. మర్నాడు పన్నెండోదానికి రేకు లేదు. ఇంకా తొమ్మిది రేకులు రావాలంటే ఏడు రోజులు ఆగాలి, ఆ ఏడు రోజులూ వెనక్కి కట్టిన లెక్కలో ఎక్కడా లేవు. యజమాని తెర మీద చూస్తే ఇత్తడి రేకు నిల్వ 27 కిలోలు ఉన్నట్టు కనిపిస్తుంది. తెర అబద్ధం చెప్పడం లేదు. ఆ ఇత్తడి తూకానికి దాదాపు అంతా అక్కడే, పనిశాల మూలన, 18 సెంటీమీటర్ల పట్టీలుగా, మిగిలిన ముక్కలుగా గోడకు ఆనించి ఉంది.